దబేల్ దొర

దబేల్ దొర మళ్లీ పడ్డాడు.

మంచు కొండ మీద అంత వెడల్పు దారి వదిలేసి, ఏరికోరి గుంటలోకి నడిచాడు. తల కిందికి, కాళ్లు పైకి.

కోడలు ఫోన్ ఒళ్లో పడేసుకుని పగలబడి నవ్వింది.

"ఒరేయ్, నువ్వు నాకు దారి చూపించేవాడివా, నేను నిన్ను మోసేదాన్నా?" అని టైపు చేసింది.

చాలాసేపటికి గానీ జవాబు రాలేదు. వాడి జవాబులెప్పుడూ నత్తనడకే.

"లోతెంతుందో చూసొస్తున్నా మహారాణీ!"

అది ఫోన్లో ఆడే ఆట. ఆడేవాళ్లు మహారాణి వేషంలో కొండ కొమ్మున ఉన్న కోటని చేరాలి. దారి చూపడానికి వెంట ఓ సహాయకుడుంటాడు. మామూలుగా వాణ్ణి ఆటే నడిపిస్తుంది. కావాలంటే ఎక్కడో ఉన్న ఇంకో మనిషి ఆ వేషం కట్టొచ్చు. అలా ఓ సాయంత్రం, పిలవకుండానే వచ్చిపడ్డాడు వీడు. పడ్డప్పుడల్లా దబేల్‌మని చప్పుడొస్తుంది కాబట్టి ఆ పేరు ఆమే పెట్టింది.

ఎవడో, ఏ ఊరివాడో! మొగుడు పోయాక ఆమెని నవ్వించిన మొదటి మనిషి మాత్రం వాడే.

కళ్లజోళ్ల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి, ఇంటికొచ్చి, గదిలో దూరి తలుపేసుకునేది కోడలు. పక్క గదిలో అత్తగారు. ఇద్దరి మధ్యా ఒక గోడ. "అన్నం పెట్టాను", "తిన్నాను" తప్ప మూడో మాట లేదు.

ఆ సాయంత్రం కొండ సగం ఎక్కాక, కోడలికి మనసు ఆగలేదు.

"ఒరేయ్ దబేల్, నీతో ఓ మాట చెప్పుకోవాలి."

"సెలవియ్యండి మహారాణీ."

"మా అత్తగారిని మా ఆడపడుచు ఇంటికి పంపించేద్దామనుకుంటున్నాను. మళ్లీ రాకుండా."

మంచు కురుస్తోంది. దొర కదల్లేదు. నెట్ పోయిందేమో అనుకుంది కోడలు.

"ఏం చేసిందావిడ?"

"మా ఆయన బండి మీంచి పడి పోయిన రోజు, నలుగురిలో నన్ను పట్టుకుని, 'ఇంత వానలో నా కొడుకుని ఎందుకు పంపావే' అంది. నేను పంపానా? వద్దు వద్దంటున్నా వినకుండా వెళ్లాడు! ఆ మాట నన్ను ఇప్పటికీ కోస్తోందిరా. ఇన్నాళ్లలో ఒక్కసారైనా, పొరపాటున అన్నానే తల్లీ అనలేదు."

ఈసారి మరీ ఆలస్యమైంది.

"నోరు రాలేదేమో మహారాణీ."

"అనడానికి వచ్చిందిగా నోరు!"

దొర నాలుగడుగులు వేశాడు. ఆగాడు.

"అయితే పంపించెయ్యండి. మూట బరువు తగ్గితే కొండెక్కడం తేలిక" అని రాసి, ఎదురుగా కనిపిస్తున్న గుంటలో దబేల్‌మని పడ్డాడు.

కోడలు కడుపుబ్బ నవ్వింది. గుండెల మీంచి రాయి దింపినట్టయింది. ఆ ఊపులోనే లేచి, పక్క గది గుమ్మంలో నిలబడింది.

"ఆదివారం మీ అమ్మాయి వచ్చి తీసుకెళ్తుంది. బట్టలు సర్దుకోండి అత్తయ్యా."

"సరేనమ్మా" అంది అత్తగారు, దుప్పటి సర్దుకుంటూ.

ముసలావిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. రోజూ ఎంతమంది కళ్లో చూసే కోడలు వాటినీ చూసింది. చత్వారం ముదిరింది కాబోలు అనుకుని వెళ్లిపోయింది.

ఆదివారం ఆడపడుచు టాక్సీ తెచ్చింది. అత్తగారు గుమ్మం దాటి, వెనక్కి తిరిగింది.

"అమ్మాయీ, ఆ రోజు నేను..."

కింద టాక్సీవాడు హారన్ మోగించాడు.

"వెళ్లండత్తయ్యా, అతను గోల పెడుతున్నాడు" అంది కోడలు.

ఆ సాయంత్రం దబేల్ దొర రాలేదు. ఆట నడిపించే సహాయకుడే వచ్చాడు. ఒక్క గుంటలోనూ పడలేదు. "ఇటు రండి, ఇటు రండి" అంటూ తిన్నగా కోటకి చేర్చేశాడు. కోట మీద నిలబడితే కోడలికి ఒళ్లు మండింది.

"ఒరేయ్ దబేల్, ఏమైపోయావురా? పంపించేశాను. ఇల్లంతా నాదే ఇప్పుడు. రారా, కాసేపు నవ్వించి పోరా!"

"ఇటు రండి" అన్నాడు ఆటలోని సహాయకుడు.

రోజూ పిలిచింది. తిట్టింది, బతిమాలింది. దొర జాడ లేదు. ముక్కూ మొహం తెలీనివాడి కోసం ఏడుపేమిటని తన్ను తానే తిట్టుకుని, ఏడ్చింది.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. అత్తగారు నిద్రలోనే పోయింది.

కోడలు వెళ్లింది. చుట్టాల మధ్య పరాయిదానిలా ఓ మూల కూర్చుంది. అందరూ లేచాక ఆడపడుచు వచ్చి పక్కన కూలబడింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది కోడలు:

"ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడి ఉంటే, నేను పంపేదాన్నే కాదు."

ఆడపడుచు ఆమె వైపు తిరిగింది.

"ఏ మొహం పెట్టుకుని దానితో మాట్లాడనే అని ఏడ్చేది వదినా. చివరికి మీ ఇంట్లో ఉండగానే నన్ను పోరుపెట్టి, నువ్వాడే ఆ కొండ ఆట ఫోన్లో నేర్చుకుంది. వేళ్లు వణికి ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కేది, ఊరికే పడిపోయేది. నీకు చేతకాదు, మానెయ్యమ్మా అంటే, 'నేను పడితే గోడవతల నా కోడలు నవ్వుతోందే' అనేది."