దగ్గర దారి

ఎడమకి తిరగాల్సిన కారు కుడికి తిరిగింది. వెనక సీట్లో లియావ్ పింగ్ గుండె గుభేలుమంది. రైల్వే స్టేషను ఎడమవైపు కదా!

ముందు సీట్లో ఉన్న భర్త భుజం తట్టింది. మింగ్యువాన్ వెనక్కి తిరిగి కళ్లురిమాడు. ఉరమడా మరి? కారు తోలుతున్నది సాక్షాత్తూ వాళ్ల ఆఫీసు డైరెక్టరు తాంగ్ గారు.

చెంగ్డూలో ఆమె తల్లికి మధ్యాహ్నం గుండె ఆపరేషను. "నువ్వొచ్చి చెయ్యి పట్టుకుంటేనే లోపలికెళ్తానే" అని ఫోన్లో ఒకటే ఏడుపు. ఈ రైలు తప్పితే మళ్లీ సాయంత్రమే. టాక్సీ పిలుస్తుంటే డైరెక్టరు గారు స్వయంగా కారు తెచ్చారు. వద్దన్నకొద్దీ బలవంతపెట్టారు. అంత పెద్దాయన అంత మర్యాద చేస్తే కాదనడానికి నోరెలా వస్తుంది?

"సార్ దారి తప్పారు. చెప్పండి!" అని భర్త ఫోనుకి మెసేజ్ పెట్టింది.

"నా ప్రమోషన్‌కి నీళ్లొదులుకోనా? నువ్వే చెప్పు. ఆడవాళ్లు చెబితే ఏమీ అనుకోరు" అని జవాబొచ్చింది.

ఆమె గొంతు సవరించుకుంది. "సార్... ఈ దారి..."

అద్దంలోంచి డైరెక్టరు గారు ఆమెకేసి చూశారు. "ఊఁ, చెప్పమ్మా."

"ఈ దారి... చాలా బాగుంది సార్. టీ తోటలు ఎంత పచ్చగా ఉన్నాయో!"

"దగ్గర దారి కూడానూ. సార్‌కి తెలియని దారుంటుందా!" మింగ్యువాన్ అందుకున్నాడు.

పాడు నోరు! తన నోటిని తానే కొట్టుకోవాలనిపించింది పింగ్‌కి. అంతలో తమ్ముడి మెసేజ్. "అక్కా, ఎక్కడున్నావే? అమ్మ గుమ్మంవైపే చూస్తోంది." ఆమె కిటికీవైపు తిరిగి, చప్పుడు రాకుండా ఏడ్చింది.

చివరికి రోడ్డు ఒక పందుల దొడ్డి ముందు ఆగిపోయింది. ఆ పైన దారే లేదు. రైలు వెళ్లిపోయే వేళ ఎప్పుడో దాటిపోయింది.

"పర్లేదు సార్. మా టైమే బాగాలేదు" అన్నాడు మింగ్యువాన్, అప్పుడు కూడా నవ్వు మొహంతోనే.

డైరెక్టరు గారు స్టీరింగ్ మీద తల ఆనించారు. "టీ తోటల దగ్గరే తెలిసిందమ్మా, దారి తప్పానని. బండి తిప్పబోతుంటే నువ్వు దారి బాగుందన్నావు, మీ ఆయన దగ్గర దారన్నాడు... మీ మొహం మీదే అది తప్పని ఎలా అనను?"