మజ్జిగకుండ మీది పత్రిక

లోకంలో తనను మోసం చెయ్యనివాళ్ళు ఇద్దరే ఉన్నారని పెంచలయ్య నమ్మకం. ఒకరు, మద్రాసులో తనకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ జ్ఞానప్రకాశంగారు. రెండోవాడు తానే.

మిగతా అందరూ దొంగలే. పదేళ్ళ కిందట గూడూరులో గార్డు ఉద్యోగానికి పోతే రైల్వే డాక్టరు పనికిరావని పంపేశాడు. ఎవడో బావమరిదికి ఇచ్చుకోవడానికే ఆ నాటకమని పెంచలయ్య ఇప్పటికీ పళ్ళు నూరుతాడు. ఆ కసితోనే జంతుశాస్త్రం చదివి, నెల్లూరులో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాడు.

అరవై రెండులో అక్కడ లెక్చరరు పోస్టు ఖాళీ అయింది. ప్రిన్సిపాలు రంగనాయకులుగారు ఒకటే మాట చెప్పారు.

"జూన్ లోపల మంచి పత్రికలో ఒక పరిశోధన వ్యాసం చూపించు. పోస్టు నీది. లేదంటే జీవితమంతా కప్పలు కోసుకుంటా ఉండు."

వ్యాసం సిద్ధంగానే ఉంది. కృష్ణపట్నం దగ్గర చేపలవేటతో బతికే పెంచలయ్య మేనమామల ఇంట్లో తరతరాలుగా ఒక లోపం వస్తోంది. ఆరేళ్ళపాటు ప్రతి ఆదివారం పోయి, వాళ్ళను పడవ నీడన కూర్చోబెట్టి పరీక్షించాడు. ఏం లోపమో మాత్రం ఊళ్ళో నోరు విప్పడు. పెద్ద మామ చెంగయ్య ఒట్టు వేయించుకున్నాడు.

"పేర్లు లేకుండా ఇంగ్లీషులో ఏమైనా రాసుకో అబ్బయ్యా. మా పిల్లకాయలకు పెళ్ళిళ్ళు కావాల. నీ పెళ్ళానికి కూడా చెప్పబాక."

ఇక తేలాల్సింది, ఏ పత్రికకు పంపాలన్నది. జన్యుశాస్త్రానికి రెండు పత్రికలున్నాయి. పెంచలయ్య రెండింటికీ రాసి చెరొక సంచిక తెప్పించుకున్నాడు. ప్రొఫెసరుగారి సలహా కూడా అడిగాడు. వారంలో జవాబు వచ్చింది.

"నాయనా, ఆ రెండు పత్రికల పేర్లూ కవలపిల్లల్లా ఉంటాయి. నాకే తికమక. అట్ట చూసి తెలుసుకో. ఆకుపచ్చ అట్టది నిఖార్సయినది. ఎర్ర అట్టది దొంగది. దాని గడప తొక్కావంటే నీ పేరు ఇక ఎవరూ ఎత్తరు."

పెంచలయ్య రెండు పత్రికలనూ కిటికీ దగ్గర పెట్టి చూశాడు. క్షణంలో తేల్చేశాడు.

"ఇదీ మనది" అని ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

అయినా ఊరికే నమ్మేరకం కాదు కనుక లోపల కూడా చూశాడు. సంపాదకవర్గంలో పన్నెండుమంది. పదకొండుమందిదీ ఒకే ఇంటిపేరు. వంశపారంపర్య శాస్త్రం గదా, సంపాదకత్వం కూడా అలాగే వస్తోందేమో అనుకున్నాడు. పదిహేడో పేజీ తర్వాత నలభయ్యో పేజీ ఉంది. ఆవు ఎడమవైపు తిరిగి పడుకుంటే పెయ్యదూడ, కుడివైపు తిరిగి పడుకుంటే కోడెదూడ పుడుతుందని ఒకాయన వ్యాసం రాశాడు.

"ఎంత ధైర్యం!" అని మురిసిపోయాడు పెంచలయ్య.

రెండో పత్రిక తిప్పాడు. ఒక్క అచ్చుతప్పు లేదు. ప్రతి వ్యాసాన్నీ ముగ్గురు పండితులు చదివి ఒప్పుకుంటేనే వేస్తారట.

"దొంగలెప్పుడూ శుభ్రంగానే ఉంటారు" అని పక్కకు విసిరేశాడు.

అంతలో భార్య నాగులమ్మ సంచీ పట్టుకుని వచ్చింది.

"ఏందయ్యా ఇవి? చేపలపులుసులోకి టమోటా పండ్లు తెమ్మంటే అన్నీ కాయలే తెచ్చినావు!"

"అంగడివాడు మోసం చేసినాడే."

"పోయిన వారం తెచ్చింది వేరే అంగట్లో గదా!"

"వాడూ దొంగే. నువ్వు కూడా నన్ను సతాయించబాక. ఇదిగో, ఈ పనికిమాలిన పుస్తకం తీసుకుపోయి దేనిమీదన్నా మూత పెట్టుకో."

నాగులమ్మ దాన్ని మజ్జిగకుండ మీద పెట్టింది. పెంచలయ్య తన వ్యాసాన్ని తాను ఎంచుకున్న పత్రికకు రిజిస్టరు పోస్టులో పంపాడు.

ఎనిమిదో రోజుకే జవాబు. "తమ వ్యాసం చదివి మా సంపాదకవర్గం యావత్తూ కంటతడి పెట్టుకున్నది" అని రాశారు. మే నెలలో అచ్చయిన సంచిక వచ్చింది. పెంచలయ్య పేరుకు ముందు, అతను అడక్కుండానే, డాక్టర్ అని వేశారు.

"మంచి పత్రికంటే ఇట్లుండాల!" అని నాగులమ్మకు చూపించాడు.

"ఆ మూత పుస్తకం కూడా మంచిదేనయ్యా. మూణ్ణెల్లయింది, అట్ట నానలేదు" అంది ఆమె.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రిన్సిపాలు గదికి పోయాడు. బల్లమీద పత్రికను పెట్టాడు. అది ఎంత గొప్పదో తెలియాలని పక్కనే ప్రొఫెసరుగారి ఉత్తరం కూడా పెట్టాడు.

రంగనాయకులుగారు ఉత్తరం చదివారు. పత్రికను చూశారు. మళ్ళీ ఉత్తరం చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పత్రికను చూశారు.

"ఏమయ్యా, దీన్ని ఎవరు ఎంచినారు?"

"నేనే సార్. ఈ రెండు కళ్ళతో చూసి."

ఆయన పత్రిక తెరిచి, పెంచలయ్య వ్యాసం ఉన్న పేజీ పట్టుకున్నారు. పైన ఉన్న వరుస చదివి తలెత్తారు.

"ఈ లోపం ఉన్నవాళ్ళు నీకేమన్నా అవుతారా?"

"బయట చెప్పబాకండి, మా మేనమామలే సార్. ముగ్గురికీ ఉంది. దేవుడి దయవల్ల నేనొక్కడినే తప్పించుకున్నాను."

"నిన్ను ఎవరు పరీక్షించినారు?"

పెంచలయ్యకు నవ్వొచ్చింది. "పరీక్ష పెట్టేవాడు పరీక్ష రాస్తాడా సార్?"

రంగనాయకులుగారు పత్రికను అతని వైపు తిప్పి, వ్యాసం పేరును వేలితో చూపిస్తూ పైకి చదివారు: "నెల్లూరు తీరాన ఒక కుటుంబంలో తల్లివైపు నుంచి కొడుకులకు వస్తున్న, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియని దృష్టిలోపం."