పది కర్రలు, పదిహేడు సెకండ్లు

"పదేడు," అన్నాడు నూకయ్య, ఫోను తెర మనవరాలి వైపు తిప్పి.

భారతి ఇసుకలో కూలబడింది. బంతి దొర్లుకుంటూ పోయి తెప్ప పక్కన ఆగింది. నిన్నా పదిహేడే, మొన్నా పదిహేడే. కుడికాలి బొటనవేలి చర్మం లేచిపోయి మూడు రోజులైంది. దాని మీద ఉప్పునీళ్లు పడితే ప్రాణం జివ్వుమంటోంది. అయినా ఆమెకు ఏడుపొచ్చింది ఆ నొప్పికి కాదు.

ఆదివారమే పరీక్ష. విజయనగరంలో వ్యాయామ విద్య కాలేజీ సీటుకి పెట్టిన పరీక్షల్లో మిగతావన్నీ గట్టెక్కేసింది. ఒక్క డ్రిబ్లింగే మిగిలింది. అరవై అడుగుల బారున పది కర్రలు పాతి ఉంటాయి. వాటి మధ్యనుంచి బంతిని కాలితో మెలికలు తిప్పుకుంటూ పద్నాలుగు సెకండ్లలో చివరికి చేర్చాలి. చేర్చలేకపోతే సోమవారం పొద్దున్నే రొయ్యల కంపెనీ వ్యాను ఎక్కాలి. వ్యాను ఎక్కేవాళ్ల జాబితాలో తండ్రి రాముడు ఆమె పేరు అప్పుడే రాయించేశాడు. ఆ వ్యాను ఎక్కిన ఆడపిల్ల మళ్లీ పుస్తకం పట్టిన దాఖలా ఆ ఊళ్లో లేదు.

కర్రలు పాతే పని తాతది. అవి వలలు ఆరేసుకునే కర్రలు. పొద్దెక్కితే ఎవరివి వాళ్లు పట్టుకుపోతారు. అందుకని రోజూ మనవరాలు లేచి వచ్చేలోపు నూకయ్యే అడుగు మీద అడుగు వేసి కొలిచి, కొత్తగా పాతి ఉంచుతాడు. నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన ఆ ముసలాయనకి ఫుట్‌బాల్ సంగతి తెలియదు. మెచ్చుకోవడం అసలే తెలియదు. వలలో పడవెడు చేప పడ్డ రోజున కూడా 'పర్లేదు' అని ఊరుకున్న మనిషి.

భారతి చెయ్యని ప్రయత్నం లేదు. బంతిని చూడకుండా తలెత్తి పరిగెత్తడం నేర్చుకుంది. పాదం లోపలివైపుతో నెట్టి వెలుపలివైపుతో తిప్పడం నేర్చుకుంది. పాతిక రోజుల కిందట ఏడో కర్ర దగ్గర బంతి కాలికి అందకుండా పోయేది. ఇప్పుడు పోవడం లేదు. కాళ్లలో వేగం వచ్చినట్టు తనకే తెలుస్తోంది. అంకె మాత్రం కదలదు.

గురువారం ఆమెకి ఒక పాడు అనుమానం వచ్చింది. వ్యానుకి పేరు రాయించమని నాన్నకి చెప్పింది తాతేనేమో. తనకి సీటు రాకూడదని ఫోను ఆలస్యంగా ఆపుతున్నాడేమో. అంతే, ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని, చేపల తట్టతో బయల్దేరుతున్న తల్లి గున్నమ్మకిచ్చింది. గున్నమ్మ తట్ట దించి, కూతురు కదలగానే నొక్కింది, ఆఖరి కర్ర దాటగానే ఆపింది.

పదిహేడు.

"ముసిలోడు మోసం సేత్తన్నాడనుకున్నావేటే?" అన్నాడు నూకయ్య. గొంతులో కోపం లేదు. భారతికి మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది.

శనివారం ఆమె బంతిని కాలితో తన్నేసి, ఇంక విజయనగరం వెళ్లనని చెప్పేసింది. బస్సుకి పోయి పదిమందిలో నవ్వులపాలై రావడం కన్నా వ్యానెక్కడమే మేలంది. వెక్కి వెక్కి ఏడ్చింది. నూకయ్య ఓదార్చలేదు. బంతి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"రేపొక్కపాలి రా. ఎల్లుండి నుంచి నువ్వు రమ్మన్నా నాను రాను."

ఆదివారం తాతతో విజయనగరం వెళ్లి మైదానంలోకి దిగింది. గీత దగ్గర నిలబడి చూస్తే పది కర్రలూ ఒకదాని మీద ఒకటి పడ్డట్టు ఇరుకుగా కనిపించాయి. భయంతో చూపు చెదిరిందనుకుంది. ఈల మోగింది. ఆ తరవాత ఆమెకి ఏమీ గుర్తులేదు, బంతి పాదానికి అతుక్కుని ఉండడం తప్ప.

ఆఖరి కర్ర దాటి వెనక్కి తిరిగితే, సమయం చూసే మేడమ్ తన గడియారాన్ని అనుమానంగా చూసుకుంటోంది. పక్కాయన దగ్గర ఇంకోటి తీసుకుని మళ్లీ పరిగెత్తమంది. పన్నెండు. మళ్లీ పన్నెండే.

గేటు బయట నూకయ్య బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. భారతి వచ్చి ఆయన ఒళ్లో తల పెట్టేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. సీటు వచ్చేసినట్టేనని చెప్పింది. గురువారం అనుమానపడ్డందుకు తప్పయిపోయిందంది. కాసేపటికి తేరుకుని అడిగింది.

"ఇక్కడ గట్టినేల కదా తాతా. ఇసక మూలానే కదా మనకి అక్కడ పదేడు దగ్గరే ఆగిపోయింది?"

నూకయ్య బీడీ నేలకి రాసి ఆర్పాడు.

"ఇసకేటి సేత్తాదే, కర్రల వరస నానే రోజుకో అడుగు సాగదీసేను."