రెండో కన్నం

గూడు అల్లడం నేర్చుకుందామని పూచిక అనే గిజిగాడి పిల్ల ఏరు దాటి ఈతచెట్ల తోపుకి వచ్చింది. కట్టిన మొదటి గూటికే పడమటి వైపు అదనంగా ఒక కన్నం పెట్టింది.

"ఇదేమిటే? వానొస్తే తడిసి ముద్దవుతావు!" అని కసిరారు ముసలి గిజిగాడు మాస్టారు.

"అందులోంచి మా తుమ్మచెట్టు కనిపిస్తుందండీ."

"చదువుకోడానికొచ్చావా, చెట్టు చూడ్డానికొచ్చావా? పూడ్చెయ్, లేదా ఆ చెట్టుకే పో!"

పూచికకి ఏడుపొచ్చింది. అయినా పూడ్చలేదు.

సాయంత్రం జోరున వాన కురిసింది. గూడంతా నీళ్లు. పూచిక వణుకుతూ వెళ్లి మాస్టారి గూట్లో దూరింది. అక్కడా ఓ కన్నం ఉంది, ఉత్తరం వైపు. దానికి తాటాకు ముక్కొకటి తలుపులా వేలాడుతోంది.

"మాస్టారూ, మీక్కూడానా?"

ఆయన గొంతు సవరించుకున్నారు.

"రేపటి పాఠం తలుపు కట్టడం. పొద్దున్నే ఆకు తెచ్చుకో."