తలుపేసి కోసిన కేకు

ఈసారి క్రిస్మస్ కేకు బాధ్యత కోడలి మీద పడింది. అప్పగించింది అత్తగారే. మణికట్ల నొప్పితో ఇక తనవల్ల కాదంది. చెట్టు దుంగలా చుట్టిన చాక్లెట్ కేకు బల్ల మీద లేకపోతే ఆ ఇంట్లో పండగ అయినట్టే కాదు.

"నీకు కుదరకపోతే చెప్పు వదినా, వచ్చే ఏడాది నుంచి నేనే చేసుకొస్తాను," అంది ఆడపడుచు ఫోనులో. ఆమె చేసే ఎండుద్రాక్ష కేకు తిన్నవాళ్లు ఆ తర్వాత పళ్ల డాక్టర్ల గురించి మాట్లాడుకుంటారు. కోడలు పైకి నవ్వి, లోపల పళ్లు నూరింది. ఈ కేకు కుదిరి తీరాలి. ఆడపడుచు కూడా రెండో ముక్క అడగాలి.

ఎలా చేయాలో అత్తగారు ముందురోజే ఫోన్ చేసి చెప్పింది.

"ఓవెన్‌లోంచి తియ్యగానే కేకు మీద కాగితం పరువమ్మా. అంటుకోకుండా కిందా పైనా కోకో పొడి చల్లు. వేడి మీదే కాగితంతో సహా చుట్టెయ్యి. చల్లారాక విప్పి, కాగితం తీసేసి, క్రీము పూసి మళ్లీ చుట్టు. అంతే, బ్రహ్మవిద్యేం కాదు."

"అలాగే అత్తయ్యా. కోసేటప్పుడు ముక్క ఎంత మందం ఉండాలంటారు?"

"ఆ గొడవ నీకెందుకు? కోసేది నేను కదా."

కోడలికి ఒళ్లు మండేది ఇక్కడే. కేకు ఎవరు చేసినా, ఎవరింట్లో చేసినా, కోసేది అత్తగారే. పోనీ అందరి ముందూ కోస్తుందా అంటే అదీ లేదు. అందరూ ఒకసారి చూసి "అబ్బ" అనగానే దాన్ని వంటగదిలోకి పట్టుకుపోతుంది. తలుపు గడియ పెట్టుకుంటుంది. ముక్కలు ప్లేట్లలో సర్దుకుని బయటికొస్తుంది.

"అమ్మకి పెత్తనం పోతుందని భయంలే," అనేవాడు భర్త. ఆ మాట తల్లి ఎదుట మాత్రం ఎప్పుడూ అనలేదు.

పండగ రోజు మధ్యాహ్నం కోడలు గుడ్లసొన గిలక్కొట్టింది. చేతులు ఊడిపోతాయేమో అనిపించేదాకా కొట్టింది. కేకు పల్చగా, మెత్తగా పొంగింది. దాని కొలతకే కత్తిరించిన గోధుమరంగు కాగితం పరిచింది. కోకో పొడి అడ్డూ ఆపూ లేకుండా చల్లింది. ఊపిరి బిగబట్టి చుట్టింది. ఎక్కడా విరగలేదు. ఎవరూ చూడకుండా తన భుజం తానే తట్టుకుంది.

చల్లారాక విప్పింది. ఒక్క పగులు కూడా లేదు. సరిగ్గా అప్పుడే ఇంట్లో లైట్లన్నీ ఆరిపోయాయి. కిటికీకి రంగు దీపాలు కడుతున్న భర్త స్టూలు మీంచి కేక పెట్టాడు.

"నేనేం చెయ్యలేదు. ఊరికే ప్లగ్గు పెట్టాను, అంతే. టార్చి ఎక్కడుంది?"

ఆమె టార్చి వెతికి ఇచ్చింది. స్టూలు పట్టుకుంది. కరెంటు వచ్చేలోగా ఆడపడుచు ఫోన్ చేసి, వచ్చేస్తున్నాం, దారిలో ఉన్నాం అంది. కోడలు స్టూలు వదిలేసింది. వంటగదిలోకి పరిగెత్తి గబగబా క్రీము పూసింది, చుట్టింది. రెండు చివర్లతో సహా కరిగించిన చాక్లెట్ మెత్తింది. ఫోర్కుతో బెరడులా గీతలు గీసింది. పైన పంచదార పొడి మంచులా రాల్చి, ఎర్రటి చెర్రీలు గుచ్చింది.

"గొడ్డలి తెమ్మంటావా?" అన్నాడు భర్త. ఆ రోజు అతను చేసిన పనికొచ్చే పని ఆ మెచ్చుకోలు ఒక్కటే.

అందరూ వచ్చారు. "అబ్బ" అన్నారు. ఆడపడుచు కూడా అనక తప్పలేదు. అత్తగారు కళ్లజోడు సవరించుకుని దుంగ చుట్టూ ఒకసారి చూసింది. ఎత్తి పట్టుకుని వంటగదిలోకి నడిచింది. గడియ పడింది.

నా వంటగదిలో నాకే గడియా, అనుకుంది కోడలు.

చాలాసేపయింది. కాఫీలు చల్లారిపోయాయి. కబుర్లు అయిపోయి అందరూ తలుపు వైపే చూస్తున్నారు. కోడలు వెళ్లి తలుపు తట్టింది.

"అత్తయ్యా, సాయం రానా?"

"వద్దమ్మా, నువ్వెళ్లి కూర్చో."

చివరికి ప్లేట్లు వచ్చాయి. కోడలికి కళ్లనీళ్లొక్కటే తక్కువ. గుండ్రంగా, సుడి తిరిగిన తెల్లటి గీతతో ఉండాల్సిన ముక్కలు నలిగి, వంగి, ఓ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. ఒకదాని బెరడు ఊడి పక్కన పడింది.

"దుంగ మీంచి లారీ వెళ్లినట్టుందే వదినా," అంది ఆడపడుచు.

"మీ వదిన తప్పేం లేదే. నా చేతులు వణికాయి, నేనే పాడుచేశాను," అంది అత్తగారు.

చేసిందంతా చేసి ఎంత అమాయకంగా చెబుతోందో, అనుకుంది కోడలు. అయినా ప్లేట్లు ఖాళీ అయ్యాయి. ఆడపడుచు గొంతు తగ్గించి రెండో ముక్క అడిగింది. "వచ్చే ఏడాదీ కోడలే చేస్తుంది," అని అత్తగారు తేల్చేసింది.

గెలిచినా కోడలి కడుపుమంట చల్లారలేదు. అంత కష్టపడి చుట్టిన చుట్టని ఒక్కరూ చూడలేదు. అత్తగారు కత్తి కడగడానికి లేవగానే వెనకే వంటగదిలోకి వెళ్లింది.

"అత్తయ్యా, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. వచ్చే ఏడాది కేకు నేనే కోస్తాను. బల్ల మీదే, అందరి ముందూ కోస్తాను."

అత్తగారు మణికట్టు రుద్దుకోవడం ఆపి, చెత్తబుట్ట మూత ఎత్తి, అందులో క్రీము పూసుకుని సుడులు తిరిగి పడివున్న గోధుమరంగు కాగితం పీలికలు చూపించి, "నా మొదటి కేకు నేనూ అలాగే కోశానమ్మా, అందరి ముందూ," అంది.