పాత కెమెరా ఫైలు

మేనేజరు పెన్‌డ్రైవ్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టినాడు. "గంగారాం వీడియో. నిన్న పొద్దున సేఫ్టీ బెల్టు లేకుండ దొరికినప్పుడు తీసిందే. నిన్నటి తేదీ వేసి ఇయ్యి, పోలీసులకు పంపాల."

సులై ఏరియాలోని మా గోదాములో నిన్న మధ్యాహ్నం గంగారాం ఎత్తు ర్యాక్ మీది నుంచి పడి చనిపోయినాడు.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలు తెరుచుకోలేదు. ఆ రకం వీడియోను చదివే కోడెక్ ప్రోగ్రాం లేదని చూపించింది. మా కొత్త కెమెరా ఫైళ్లు ఎప్పుడూ ఇట్లా మొరాయించవు. ఇది అడిగేది పాత కెమెరా కోడెక్. ఆ కెమెరా పాడై రెండేళ్లయింది.

కోడెక్ వెతికి ఎక్కించినాను. బొమ్మ వచ్చింది. గంగారాం కాగితం చూసుకుంటా చెబుతున్నాడు. "నాకు బెల్టు ఇచ్చిండ్రు. నేనే పెట్టుకోలే. తప్పు నాదే."

నేను పనిలో చేరిన రోజు, కెమెరా టెస్ట్ అని చెప్పి నాతోనూ అదే కాగితం చదివించినారు. ఆఫీసులో కూర్చునేవానికి బెల్టు ఏంటికని నవ్వుకుంటా చదివినాను.

"తెరుచుకుందా?" వెనక నుంచి మేనేజరు అడిగినాడు.

"తెరుచుకుంది సార్. కానీ ఇది నిన్నటిది కాదు. పాత కెమెరాతో తీసింది."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసినాడు.

"పనోడివే ఇష్తియాక్. రేపు పొద్దున ర్యాక్ పైకెక్కి గోదామంతా వీడియో తియ్యి. ఐదు నిమిషాల పనే."