ఎర్ర ముల్లు

"రాత్రి తలుపు తీశావా?"

పొద్దున్నే, ఇంకా ముఖమైనా కడుక్కోని భార్యను ఇన్‌స్పెక్టరు అడిగిన మొదటి మాట అది. పెరట్లోని గ్రీన్‌హౌస్ తలుపు గురించి. తీయలేదంది ఆమె. ఆయన నమ్మలేదు.

ఆయన తూనికలు కొలతల శాఖలో పనిచేస్తాడు. కొట్టు కొట్టుకూ తిరిగి త్రాసులు పరీక్షించి ముద్ర వేయడం ఉద్యోగం. పాతికేళ్ళుగా కొట్టువాళ్ళు పెట్టే ఒట్లు విని విని మనుషుల మాట మీద గురి పోయింది. మనిషి ఎన్నయినా చెబుతాడు, త్రాసు ముల్లు మాత్రం ఉన్నదే చూపిస్తుంది అంటాడు. బజారులో ఆయన చాటున 'ముల్లాయన' అంటారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. లోలోపల మురిసిపోతాడు కూడా.

గ్రీన్‌హౌస్ ఆయన ప్రాణం. వసంతం వచ్చిందన్న మాటే గానీ ఆ కొండ ఊళ్ళో రాత్రిళ్ళు చలి ఎముకలు కొరికేస్తోంది. లోపల ట్రేల నిండా టమాటా నారు, వంగ నారు, మిరప నారు. ఓ మూల దోస పాదులు. అవి చలికి చావకుండా చిన్న హీటరు పెట్టాడు. అది పన్నెండు డిగ్రీలకు తగ్గనివ్వదు. గోడకు థర్మామీటరు తగిలించాడు. అందులో ఎర్ర ముల్లు ఒకటుంది. రాత్రి వేడి ఎంతకు పడిపోతే అంతకు దిగి అక్కడే ఆగిపోతుంది. మళ్ళీ చేత్తో తిప్పితే గానీ కదలదు.

నెల రోజుల్లో ఐదుసార్లు ఆ ముల్లు నాలుగు దగ్గర ఆగింది. మిరప నారు సగం వాలిపోయింది.

హీటరు విప్పి చూశాడు. భేషుగ్గా ఉంది. అద్దాలన్నీ తడిమి చూశాడు. ఎక్కడా బీట లేదు. ఇక మిగిలింది తలుపు. అది దానంతటది తెరుచుకోదు. ఇంట్లో ఉన్నది ఇద్దరు.

ఓ ఆదివారం క్యాలెండరు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ ఐదింటిలో మూడు, ఆయన క్యాంపుకు వెళ్ళి ఊళ్ళో లేని రాత్రులు. మిగతా రెండు రాత్రులూ ఇంట్లోనే గురక పెట్టి నిద్రపోయాడు. ఆ రెండింటినీ పెద్దగా పట్టించుకోలేదు. ఆ మూడింటి చుట్టూనే ఆయన బుర్ర తిరిగింది.

పక్కింట్లో కొత్తగా ఒక ఫొటోగ్రాఫరు దిగాడు. ఒంటరివాడు. రెండు పెరళ్ళ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. పోయిన వారం భార్య ఆ గోడ మీంచి అతనికి నాలుగు టమాటా మొక్కలు అందించింది. అతనేదో అంటే నవ్వింది. తనతో అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఇన్‌స్పెక్టరుకు గుర్తు రాలేదు. అందులో తన వాటా ఎంతో లెక్క వేసుకోలేదు.

మూడు రోజులు గుంభనంగా ఉన్నాడు. నాలుగో రోజు భోజనాల దగ్గర అన్నీ బయటపెట్టాడు. తేదీలు, డిగ్రీలు, చివరికి ఫొటోగ్రాఫరు. ఆమె కంచం పక్కకు జరిపింది.

"ఎవరి కోసం తీస్తున్నావు తలుపు?"

"మీరు నన్నడగడం లేదండీ. ఆ ముల్లునడిగి వచ్చి నాకు చెబుతున్నారు."

"అది అబద్ధం చెప్పదు."

"అంటే నేను చెబుతున్నాననేగా?"

పదహారేళ్ళ కాపురంలో ఆమె ఆయన విసుగులు భరించింది. వంటకు బియ్యం కూడా తూచి ఇచ్చే చాదస్తాన్ని చూసి నవ్వుకుని ఊరుకుంది. ఇది మాత్రం మింగుడు పడలేదు. సాయంత్రానికి పెట్టె సర్దుకుని తమ్ముడింటికి వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు దోస పాదులకు నీళ్ళు పోసింది. రోజూ పోసే వేళ కాబట్టి పోసింది, అంతే.

ఆమె అటు వెళ్ళగానే ఆయన బజారుకు వెళ్ళి కొత్త తాళం కొనుక్కొచ్చి గ్రీన్‌హౌస్‌కు వేశాడు.

మర్నాడు ముల్లు పన్నెండు దగ్గరే ఉంది. ఆ మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. ఆమె తప్పు లేదని తేలితే బాగుండునన్న ఆశ ఎక్కడో మిణుకుమిణుకుమంటూ ఉండేది. అది కాస్తా ఆరిపోయింది. మిరప నారు ముందు నిలబడి ఏడ్చాడు.

ఆ రోజే బావమరిది ఫోన్ చేశాడు. అక్క అన్నం సరిగా తినడం లేదట. పొరపాటైందని ఒక్క మాటంటే చాలు, తనే తీసుకొచ్చి దింపుతానన్నాడు. కుర్రాడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి, అయినా గొంతు బతిమాలుతోంది.

"మీ అక్క వెళ్ళింది, ముల్లు దిగడం మానేసింది. ఇంకా నన్నేమనమంటావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బావమరిది గొంతులో బతిమాలడం పోయింది.

"సరే బావగారూ. ఇక ఆవిడ మీ గడప తొక్కదు. విడాకుల కాయితాలు పంపిస్తాం, సంతకాలు పెట్టండి."

వారం తిరక్కుండా కాయితాలొచ్చాయి. ఆ వారమంతా ముల్లు పన్నెండు దాటి కిందికి దిగలేదు. ఆయన ప్రతి పేజీ మీదా సంతకం చేసి, కవరంటించి, స్వయంగా పోస్టాఫీసులో ఇచ్చి వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టింది.

పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి చూస్తే వేసిన తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి ఆయన జేబులోనే ఉంది, లోపల ఎర్ర ముల్లు నాలుగు దగ్గర ఉంది.